ముగ్గుపిండి మీద పడని చుక్క

నేరేడుచర్ల దాటుతుండగా ఒక రైస్ మిల్లు ముందు కారు ఆపేశాను. ఇంజన్ వేడి చూపే మీటర్ ముల్లు ఎర్రగీత మీదికి పోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేస్తోంది. పక్క సీట్లో మా అత్తమ్మ చంద్రమ్మ, ఎక్కడికి వెళ్లినా వదలని మూత చెంబును ఒళ్లో పెట్టుకుని, ఆ ఆవిరి వైపే చూస్తోంది.

"కుక్కర్ లెక్క కూత గిట్ల పెడ్తదా ఏంది రజితా?" అంది.

"పెట్టదు అత్తమ్మా. దిగు, నీడకు పోదాం."

ఆమె మోకాళ్లు మిర్యాలగూడ డాక్టరుకు చూపించి, అటునుంచి అటే కోదాడలో ఆడబిడ్డ జమున కట్టుకున్న కొత్త ఇల్లు చూసి రావాలని బయలుదేరాం. మిల్లులో బస్తాలు మోసే మనుషులు బకెట్టుతో పరుగెత్తుకొచ్చారు. ఒకాయన బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"చల్లారేదాక ఎవ్వరూ ముట్టొద్దు అన్నా. మరిగే నీళ్లు మొకం మీదికి చిమ్ముతయి."

"మేం ఎన్ని తియ్యలేదక్కా!"

"నా బండిది తియ్యొద్దు."

సూర్యాపేట నుంచి మా ఆయన శ్యాంసుందర్ కొంత దూరం బస్సులో, కొంత దూరం షేర్ ఆటోలో వచ్చాడు. వచ్చి, బానెట్ కంటే ముందు నన్ను చూశాడు.

"ఏ గేర్ల నడిపినవ్?"

అదీ ఆయన ప్రశ్న. ఈ ఎండాకాలంలో కారు కాగడం ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ స్టీరింగ్ నా చేతిలోనే ఉంది. సాయంత్రం పూట కూరగాయల మార్కెట్ దాకా తీసుకెళ్లేది ఆయన, మిట్ట మధ్యాహ్నం ఊళ్లు దాటించేది నేను. ఈ తేడా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నేను నడిపితే కాగుతుంది కాబట్టి నేను నడపడం వల్లే కాగుతుంది. ఇంట్లో అప్పటికే తీర్పు అయిపోయింది.

సెకండ్ హ్యాండులో కొన్న తెల్లకారు అది. పిల్లలిద్దరూ హాస్టళ్లకు పోయాక గానీ డ్రైవింగ్ నేర్చుకునే తీరిక నాకు దొరకలేదు. నేర్చుకున్నాక మాత్రం, అత్తమ్మా నేనూ ఎవరి సెలవు కోసమూ ఎదురుచూడటం మానేశాం. ఆమె బస్సు మెట్లు ఎక్కలేదు, స్కూటర్ మీద కూర్చోలేదు. కారు పోతే మళ్లీ ఇద్దరం, ఆయనకు ఎప్పుడు వీలవుతుందా అని గుమ్మం వైపు చూడాల్సిందే.

ఆ సాయంత్రం ఇంటికి చేరగానే ఆయన బావమరిదికి ఫోన్ కలిపాడు. జమున భర్త మహేశ్వర్‌కు కోదాడలో పాతకార్ల యార్డు ఉంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టడం ఆయనకు అలవాటు.

"బావా, ఈ బండి నీ యార్డుల వడెయ్యి. ముక్కలు జేస్తవో, మందికి అంటగడ్తవో నీ ఇష్టం."

"అంత మాటెందుకు బావా! సోమవారం తెల్లవారుజామున కదా మన గృహప్రవేశం. ఆదివారం అందరూ అందులోనే వచ్చేయండి, బండి ఇక్కడే వదిలేద్దురుగాని. మధ్యలో ఆగిపోయిందంటే మొహమాటపడకండి. తాడు పట్టుకుని నేనే వస్తా" అని మహేశ్వర్ గట్టిగా నవ్వాడు. "చెల్లెమ్మనే నడపమను, ఆ తాడుకు పని దొరుకుతుంది."

నేను కూర తరగడం ఆపాను.

"ఆదివారం దాకా బండి మనదే కదండీ?"

"మనదే. ఏం జేస్తవ్?"

"ఎందుకు కాగుతుందో చూస్త."

"మెకానిక్ యేసయ్యకే దొరుకుతలేదు, నీకు దొరుకుతదా?"

"దొరికితే? కోదాడ దాకా నేనే నడిపి, ముల్లు సగం దాటకుంటే?"

ఆయన ఒక్క క్షణం నా మొహం చూశాడు. "దాటకుంటే అమ్మేది లేదు. బండి ఉంటది, నువ్వే నడుపుకో. దాటిందనుకో, ఇగ ఈ ఇంట్ల కారు ముచ్చట ఎత్తొద్దు."

"నేనున్న సాక్ష్యం" అంది అత్తమ్మ, మోకాలికి నూనె రాసుకుంటూ.

*

మరునాడు యేసయ్య షెడ్డుకు వెళ్లాను. యేసయ్య మంచి మెకానిక్కు. అంతకంటే ముఖ్యం, తెలియనిది తెలియదని చెప్పే మనిషి. థర్మోస్టాట్ మార్చాడు, రేడియేటర్ మూత మార్చాడు, ఒక పైపు మార్చాడు. ప్రతిసారీ కొన్నాళ్లు బాగానే ఉండి మళ్లీ కాగింది.

"నీళ్లు పోతున్నయ్ మేడం, అది మాత్రం పక్కా. నీళ్లు తక్కువైతే ఇంజన్ కాగుతది. కాకపోతే ఎటు పోతున్నయో కనబడ్తలేదు. కనబడకుండ పోతున్నయంటే ఇంజన్ లోపల హెడ్ గాస్కెట్ పోయిందేమోనని నా అనుమానం. ఇంజన్ ఇప్పాలె."

"గాస్కెట్ పోతే ఏమేం కనిపిస్తయి?"

"ఇంజన్ ఆయిల్ల నీళ్లు కలిసి పాలచాయ్ లెక్క అయితది. సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండ వస్తది. రేడియేటర్ల బుడగలు లేస్తయి."

"ఈ మూడిట్ల మన బండికి ఏమున్నయి?"

యేసయ్య ఆయిల్ పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూపించాడు. ఆయిల్ నల్లగా, శుభ్రంగా ఉంది. ఇంజన్ చల్లగానే ఉంది కాబట్టి మూత తీసి స్టార్ట్ చేయించాడు. ఇద్దరం వంగి చూశాం. ఒక్క బుడగ లేదు. సైలెన్సర్ దగ్గర పొగ లేదు.

"ఇంకా ఏం లేవు" అన్నాడు.

"మరి ఇంజన్ ఎందుకు ఇప్పాలె?"

"మేడం, మీరు కోర్టుల ఉండాల్సినోళ్లు" అని నవ్వాడు. "సరే. మీరేమంటరో చెప్పుండ్రి."

నేను అనేది ఒక్కటే. కారులో నుంచి నీళ్లు ఎంత పోతున్నాయో, ఎప్పుడు పోతున్నాయో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎందుకంటే అందరూ పోసేవాళ్లే. పొద్దున మా ఆయన ఒక సీసా పోస్తాడు. పక్కింటి పెంటయ్య రిటైరైన ఆర్టీసీ డ్రైవరు, పాలప్యాకెట్ కోసం వెళ్తూ మా గేటు తీసుకుని వచ్చి ఇంకో సీసా పోస్తాడు. మిల్లు దగ్గర బకెట్టుతో వచ్చినవాళ్లు కూడా అంతే. మా వైపు ఎండలో నిలబడ్డ బండిని చూస్తే ఎవరికైనా ముందు నీళ్లు పట్టాలనే అనిపిస్తుంది. నూనె డబ్బాలో రోజూ ఎవరో ఒకరు కొంచెం పోసి పోతుంటే నెల తిరిగాక ఎంత వాడామో ఏ ఇల్లాలికి మాత్రం తెలుస్తుంది?

యేసయ్య ఉత్త నీళ్లన్నీ దించేసి, ఇంజన్‌ను చల్లబరిచే ఆకుపచ్చ కూలెంట్ సరైన పాళ్లలో కలిపి నింపాడు. రేడియేటర్ పక్కన ఉండే తెల్ల డబ్బాలో మట్టం ఎక్కడుందో అక్కడ, నా పర్సులో ఉన్న ఎర్ర బొట్టుబిళ్ల తీసి అంటించాను.

"గిదేంది మేడం, బండికి బొట్టా?"

"కూలెంట్ దీనికి కిందికి దిగితే ఎవరు పోసినా పోయకున్నా నాకు తెలియాలె."

ఇంటికి రాగానే పెంటయ్యకు చెప్పాను, ఇక మీదట ఒక్క చుక్క పోయొద్దని. ఆయన మొహం చిన్నబోయింది.

"నేను నడిపిన బస్సులకు పొద్దుగాల నీళ్లు తాపినంకనే నేను చాయ్ తాగిన బిడ్డా. ఎండల బర్రెకు నీళ్లు వద్దన్నట్టున్నది నీ మాట."

"ఆదివారం దాకనే, బాపూ. నీళ్లు ఎటు పోతున్నయో పట్టుకోవాలె."

"పట్టుకో మల్ల. నేను గేటు ముట్ట."

*

ఊళ్లో ఒక చుట్టు తిరిగి వచ్చి, కారును ఇంటి ముందు గచ్చు మీద నిలిపాను. రోజూ ముగ్గు వేసే పిండి డబ్బా తెచ్చి, జల్లెడతో కారు కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పలుచగా, ఎక్కడా ఖాళీ లేకుండా చల్లాను. ఎంత చిన్న చుక్క పడ్డా పిండిలో గుంట పడి కనిపిస్తుంది. వాన చినుకు పడ్డ ముగ్గును చూసిన వాళ్లకు అది కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి చూసి, "ఇగ బండి కింద కూడ ముగ్గులేనా" అన్నాడు. వంగి చూడటం మాత్రం మానలేదు.

మర్నాడు పొద్దున చూస్తే, పిండి వేసింది వేసినట్టే ఉంది. ఒక పిల్లి నడిచిన అడుగులు తప్ప ఇంకేమీ లేవు. బానెట్ ఎత్తాను. కూలెంట్ బొట్టుబిళ్ల కిందికి దిగింది. చాలా కాదు, వేలు మందం. అయినా దిగింది.

ఆ రోజు ఇంకో చుట్టు తిరిగి వచ్చి, మళ్లీ పిండి చల్లాను. మళ్లీ పొడిగానే ఉంది. మట్టం ఇంకొంచెం దిగింది.

నేల మీద పడటం లేదు, ఇంజన్‌లో కాలడం లేదు. ఇక మిగిలింది ఏమిటి? నేను ఎంత ఆలోచించినా తోచలేదు. తోచనప్పుడు నేను ఇల్లు శుభ్రం చేస్తాను. ఆ పూట కారు శుభ్రం చేశాను.

ముందు అద్దం లోపలి వైపు ఎప్పుడూ ఒక మసక పొర పడుతుంది. బయట తుడిచిన అద్దం తళతళలాడుతుంది, లోపల మాత్రం రెండు రోజులకే జిడ్డు. డ్యాష్‌బోర్డు మీద వెలిగించే అగర్బత్తి పొగ అని మా ఆయన అనేవాడు. నేను అవి వెలిగించడం మానేసి చాలా రోజులైంది, జిడ్డు మాత్రం మానలేదు. తుడిచిన గుడ్డను వాసన చూశాను. అగర్బత్తి వాసన కాదు. పాకం అడుగంటుతున్నప్పుడు వచ్చే తియ్యటి వాసన.

తరువాత ఎడమవైపు కాళ్ల దగ్గరి మ్యాట్ ఎత్తాను. కింద తడిగా ఉంది. ఇది కొత్త సంగతి కాదు. ఆ తడి మీద మా ఇంట్లో ఎన్నో గొడవలయ్యాయి.

"అమ్మా, చెంబు ఒలకబోస్తున్నవ్. బండి తుప్పు పడ్తది" అని మా ఆయన ఎన్నోసార్లు అన్నాడు. ఏసీ నీళ్లనుకోవడానికి లేదు, గ్యాస్ అయిపోయి ఏసీ పనిచేయక రెండు ఎండాకాలాలైంది. అందుకని నేరం అత్తమ్మ చెంబు మీద పడింది.

"అత్తమ్మా, నిన్న నేను ఒక్కదాన్నే తిరిగిన కదా?" అని పిలిచాను.

"తిరిగినవ్. నన్నెక్కడ తీస్కపోయినవ్?"

"మరి ఇక్కడ తడి ఎట్లొచ్చింది?"

ఆమె గోడ పట్టుకుంటూ వచ్చి కారు తలుపు దగ్గర నిలబడింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఇంటి లోపలికి వినబడేలా అంది. "నా చెంబుకు మూతుంటది, మూతకు పట్టుంటది. కిందామీద ఏస్కున్నా సుక్క కారదు. నా కొడుకుకు జెప్పు, ఇయ్యాల్టి నుంచి నోరు దగ్గర పెట్టుకొమ్మను."

మ్యాట్ అంచున నల్లచీమలు బారు కట్టి తిరుగుతున్నాయి. మంచినీళ్లకు చీమలు రావు. పాత తెల్లపంచె ముక్క తెచ్చి ఆ తడి మీద గట్టిగా అదిమి పట్టి, వెలుతురులోకి తెచ్చాను. గుడ్డ మీద లేత ఆకుపచ్చ మరక.

"గిదేంది?" అని అత్తమ్మ వేలితో అద్దుకుని నోటి దగ్గరికి తీసుకుపోయింది. నేను చెయ్యి పట్టుకుని లాగేశాను.

"విషం అత్తమ్మా! తియ్యగుంటది గని విషం. చేతులు సబ్బుతో కడుక్కో." ఆమె చేతులు నేనే కడిగాను. కడుగుతుంటే సంగతి తేలిపోయింది. పట్టుకున్నాను! నీళ్లు నేల మీద పడటం లేదు, ఎందుకంటే కారు లోపల పడుతున్నాయి.

చీమలు ఆ విషాన్ని ఇంట్లోకి మోసుకుపోకుండా, బారు మీద అప్పుడే నీళ్లు పోసి కడిగేశాను. గేటు దగ్గరి నుంచి పెంటయ్య తొంగి చూశాడు.

"పట్టుకున్నవా బిడ్డా?"

"పట్టుకున్న బాపూ!"

ఆయన అక్కడే నిలబడి, బస్సు హారన్ కొట్టినట్టు నోటితో ఒక కూత పెట్టాడు.

*

షెడ్డులో యేసయ్య గుడ్డ మీది ఆకుపచ్చ మరకను వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇంజన్ నీళ్లు బండి లోపటికి ఎందుకొస్తయి మేడం?"

నేను బానెట్ కింద చెయ్యి పెట్టి చూపించాను. ఇంజన్ నుంచి బయలుదేరిన రెండు సన్న రబ్బరు పైపులు పక్కపక్కనే వెళ్లి, ఇంజన్‌కూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్యనున్న ఇనుపగోడలోకి దూరిపోయాయి. అంతకుముందు రోజు వాటిని చూసే వచ్చాను.

"ఈ రెండు ఎటు పోతున్నయి?"

యేసయ్య ఆ పైపుల వైపు చూశాడు, నా వైపు చూశాడు. చూసి, అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు.

"హీటర్!"

"హీటరా?"

"బండ్ల హీటర్ ఉంటది గద మేడం! డ్యాష్‌బోర్డు ఎనక చిన్న రేడియేటర్ అసుమంటిది. ఇంజన్ల మరిగిన నీళ్లు దాంట్లకు పోయి తిరిగొస్తయి. దానికి గాలి కొడితే లోపట వెచ్చగైతది. సలిదేశపోళ్లకు." ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. "సూర్యాపేటల హీటర్ ఎవడు ఏస్తడు మేడం? ఇన్నేండ్ల సంది ఈ షెడ్డుకు హీటర్ పని జెయ్యమని ఒక్క బండి రాలె. అది ఉన్నదన్న సంగతే మరిసిపోయిన. అది అక్కడ సప్పుడు జెయ్యకుండ సిల్లువడి కారుతున్నది!"

నాకూ నవ్వొచ్చింది. డ్యాష్‌బోర్డు మీద ఎర్రగీత ఉన్న ఒక నాబ్ ఉంది. దాన్ని మేమెవరమూ ఎప్పుడూ తిప్పలేదు. ఏసీకి సంబంధించినదేదో చెడిపోయిందని మా ఆయన అనేవాడు. మే నెలలో మా ఊళ్లో కారులోపల వేడి కోసం ఒక యంత్రం ఉందంటే ఎవరు మాత్రం నమ్ముతారు? అందుకే అందరూ బానెట్ కింద వెతికారు. తడిని చూసినప్పుడు చెంబును చూశారు.

యేసయ్య ఆ రెండు పైపులనూ గోడ దగ్గర ఊడదీసి, వంకీ తిరిగిన ఒక పైపు ముక్కతో రెండింటినీ ఇవతలే కలిపేశాడు. ఇక నీళ్లు హీటర్ లోపలికి పోవు, ఇంజన్ దగ్గరే తిరిగొస్తాయి. క్లిప్పులు బిగించి, కూలెంట్ బొట్టుబిళ్ల దాకా నింపాడు.

"మల్ల హీటర్ కావాలంటే ఇబ్బంది మేడం."

"కావాలన్ననాడు చెప్త."

*

మా ఆయన అంత సులువుగా నమ్మే మనిషి కాదు. "ఇది బాగైనట్టు అనిపించుడు ఇప్పటికి మూడుసార్లాయె" అన్నాడు. నేను తప్పు పట్టలేదు. నాకు కూడా అనిపించడం చాలదు, తేలాలి.

"హైవే మీద సీదా కోదాడకు పోతే ఏం తెల్వదు" అన్నాను. "మిర్యాలగూడ పోయి, జమునకు బియ్యం బస్తాలు ఏసుకొని, నేరేడుచర్ల మీదికెళ్లి పోదాం. ఎక్కడ కాగిందో ఆ రోడ్డుననే. పగటి పూటనే."

"నీకు నువ్వే గుంత తవ్వుకుంటున్నవ్."

"మీరు పక్కన కూసొని ముల్లు చూడుండ్రి. నేను రోడ్డు చూస్త."

ఆదివారం పొద్దెక్కాక బయలుదేరాం. అత్తమ్మ వెనక సీట్లో కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆ మధ్యాహ్నం మిర్యాలగూడలో రెండు బస్తాల సన్నబియ్యం డిక్కీలో వేయించాం. బండి వెనక భాగం కిందికి దిగింది. మా ఆయన సీటు అంచున, పరీక్షహాల్లో ఇన్విజిలేటర్ కూర్చున్నట్టు కూర్చున్నాడు. ముల్లు సగానికి వేలు మందం కింద ఉన్నట్టు ఆయన ప్రతి ఊరి దగ్గరా చెప్పాడు, మెచ్చుకుంటున్నట్టు కాదు, హెచ్చరిస్తున్నట్టు.

నేరేడుచర్లలో రైస్ మిల్లు వచ్చింది, పోయింది. అత్తమ్మ కిటికీలోంచి మిల్లు వాళ్లకు చెయ్యి ఊపింది. వాళ్లకు మేమెవరో తెలిసినట్టు లేదు.

హుజూర్‌నగర్ దాటాక మహేశ్వర్ ఫోన్.

"ఎక్కడాగింది బావా? బయల్దేరమంటావా?"

"ఆగలే. ఇంకా ఆగలే" అన్నాడు మా ఆయన.

"తాడు జీపులోనే ఉంది. చెల్లెమ్మను కంగారు పడొద్దని చెప్పు."

"అన్నయ్యా, ఆ తాడు ఇయ్యాల మీకే బట్టలు ఎండబెట్టుకోను అక్కరకొస్తది" అన్నాను గట్టిగా. అవతల నవ్వులు వినిపించాయి. స్పీకర్ మా ఆయన ఒక్కడికే అలవాటు కాదు.

కోదాడ ఇంకా కొద్ది దూరం ఉందనగా రోడ్డంతా ఆగిపోయింది. మేళ్లచెరువు వైపు నుంచి వచ్చిన సిమెంటు లారీ ఒకటి రోడ్డుకు అడ్డం తిరిగి నిలిచిపోయింది. మా ముందు లారీలు, మా వెనక లారీలు. గాలి లేదు. తారు మీద నుంచి సెగ లేస్తోంది. కారు కదలకుండా ఇంజన్ తిరుగుతూ ఉండటమే అన్నిటికంటే కష్టమైన పరీక్ష. నడుస్తుంటే ఎదురుగాలి తగులుతుంది, నిలబడితే ఫ్యాన్ ఒక్కటే దిక్కు.

"ఇంజన్ బంద్ జెయ్యి" అన్నాడు మా ఆయన.

"చెయ్య."

"రజితా, మొండికెయ్యకు. ముల్లు లేస్తున్నది."

లేస్తోంది. నేనూ చూశాను. వేలు మందం కింద ఉన్నది మెల్లగా సగం గీత దగ్గరికి వచ్చింది. అత్తమ్మ ముందుకు వంగి మా ఇద్దరి భుజాల మధ్య నుంచి మీటర్ చూస్తోంది. నా వీపు మీద చెమట ధార కట్టింది. ఒకవేళ గీత దాటితే, దాటడం చూసి ఆపేస్తాను, ఇంజన్‌ను పాడు చేసే పంతం నాకు లేదు. గీత దాటాక మాత్రం నేను అడగడానికి ఇంకేమీ ఉండదు.

ముల్లు గీతను ఆనుకుంది.

అప్పుడు ముందు నుంచి 'ర్‌ర్' మని చప్పుడు. రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టింది. నీళ్లు నిండుగా ఉంటేనే ఆ వేడి సరిగ్గా తెలిసి ఫ్యాన్ సమయానికి లేస్తుందని యేసయ్య చెప్పాడు. మేం ముల్లు మీద నుంచి కళ్లు తీయలేదు. అది గీత దగ్గర కాసేపు నిలిచి, వెనక్కి తగ్గింది. ఫ్యాన్ ఆగింది. మళ్లీ ముల్లు గీత దాకా వచ్చింది, మళ్లీ ఫ్యాన్, మళ్లీ తగ్గింది. తరువాత ఇంకోసారి. ఊపిరి పీల్చి వదులుతున్నట్టు.

పక్క లేన్లో ఒక పెద్ద కొత్త కారు అద్దాలు దించి, ఏసీ ఆపి, లోపల ఉన్నవాళ్లు పేపర్లతో విసురుకుంటున్నారు. మా ఆయన వాళ్లను చూసి, మా మీటర్ చూసి, మెల్లగా వెనక్కి జరిగి సీటుకు వీపు ఆనించాడు. సూర్యాపేట నుంచి ఆయన వీపు సీటును తాకడం అదే మొదటిసారి.

"అమ్మా, జర నీ చెంబియ్యి" అన్నాడు.

"ఎందుకు? ఒలకబోయనీకా?"

"తాగనీకి."

అత్తమ్మ మూత తీయకుండానే చెంబు అందించింది. "పట్టు జూస్కో. ఇప్పుడు బోర్ల తిప్పు. జూసినవా, సుక్క కారిందా?" ఆయన తాగి, చెంబు తిరిగి ఇచ్చి, తప్పయిపోయిందనే మాట నోట్లోనే అన్నాడు. అత్తమ్మ దాన్ని గట్టిగా అనిపించింది.

*

జమున కొత్త ఇంటి ముందు చుట్టాలంతా షామియానా కింద ఉన్నారు. మహేశ్వర్ జీపు గేటు ముందే నిలబడి ఉంది, ముందు బంపర్‌కు నిజంగానే లావుపాటి తాడు చుట్టి ఉంది. మేం వచ్చి ఆగగానే ఆయన ఎదురొచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు.

"వేడిగానే ఉందే!"

"ఎండల నిన్ను నిలబెట్టినా వేడిగనే ఉంటవ్ అల్లుడా" అంది అత్తమ్మ కారు లోపలి నుంచే.

"తెరిచి చూపించు చెల్లెమ్మా. మట్టం ఎంత ఉందో చూద్దాం."

"ఇప్పుడు కాదు అన్నయ్యా. వేడి మీద మట్టం పైకి పొంగి ఉంటది. ఇప్పుడు చూస్తే నేను గెలిచినట్టే కనబడ్తది, అది లెక్కకు రాదు. చల్లారినంక చూద్దాం."

బియ్యం దించారు. చాయ్ తాగారు; మోకాళ్ల బాధతో అత్తమ్మ మాత్రం కారు తలుపు తెరుచుకుని సీట్లోనే కూర్చుని తాగింది. వంటవాళ్లు రేపటికి కూరగాయలు తరగడం మొదలుపెట్టారు. ఎండ షామియానా అంచు దాటి గోడెక్కాక, నేనే వెళ్లి బానెట్ ఎత్తాను. నా వెనక మహేశ్వర్, మా ఆయన, ఇంకా పేరు తెలియని చుట్టాలు ఇద్దరు. తెల్లడబ్బాలో ఆకుపచ్చ కూలెంట్ సరిగ్గా ఎర్రబిళ్ల మధ్యలో నిలబడి ఉంది. మహేశ్వర్ కారు లోపల మ్యాట్ ఎత్తి చేత్తో తడిమాడు. పొడి. వేళ్లు రుద్దుకుంటూ మా ఆయన వైపు తిరిగాడు.

"ఏంటి సంగతి బావా? దీన్ని మంచి కండిషన్ బండి కింద పెట్టొచ్చు ఇప్పుడు. యార్డులో ముందు వరసలోనే పెడతా. ఇంకా మంచి ధర..."

"అమ్మేది లేదు బావా" అన్నాడు మా ఆయన.

"మొన్న నువ్వే కదా..."

"మొన్న నాకు తెల్వక అన్న. ఇది రజిత బండి. కావాలంటే ఆమెను అడుగు. అడిగితే మాత్రం నీ తాడుతోని నిన్నే కట్టేస్తది."

ఆయన ఆ మాట నా వైపు చూడకుండా అన్నాడు. నలుగురి ముందు, గట్టిగా, అందరికీ వినపడేలా అన్నాడు. నాకు అది చాలు. బానెట్ దించి, రెండు చేతులతో అదిమి మూశాను.

అంతలో జమున పరుగెత్తుకుంటూ వచ్చింది. "వదినా, పూలు బజార్ల ఉండిపోయినయి, ఆ పిలగాండ్లు బైకు మీద ఎన్ని తెస్తరు? పంతులు గారు కూడ బస్టాండ్ల దిగిండంట. నీకు కోదాడ రోడ్లు తెలుసు కదా, జర పోయొస్తవా?"

"ఎక్కు మరి" అన్నాను.

జమున ముందు సీట్లో ఎక్కింది. ఆమె తోటికోడలు అడగకుండానే వెనక ఎక్కేసింది. అత్తమ్మ దిగనే లేదు, కాబట్టి ఎక్కాల్సిన పని పడలేదు.

దారికి అడ్డంగా ఉన్న జీపును చూసి అత్తమ్మ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"అల్లుడా, నీ బండి పక్కకు తియ్యి. మా కోడలు ఎల్లాలె."

మహేశ్వర్ జేబులో తాళాలు వెతుక్కుంటూ జీపు వైపు ఉరికాడు. నేను ఇంజన్ స్టార్ట్ చేసి, మొదటి గేరు వేశాను.